పులవని రసం

"మా మామయ్యని వైన్ చంపలేదండీ. వైన్ ఇంకా పుట్టనే లేదు."

ఫోన్లో ఆడగొంతు ఆ రెండు ముక్కలూ అని ఆగిపోయింది. వెనక ఎవరో శోకాలు పెడుతున్నారు. ఎవరు మాట్లాడుతున్నారని మేజర్ సిరానుష్ రెట్టించి అడిగితే, "సరనిస్త్ నుంచి. జోహ్రబ్యాన్ల కోడల్ని, అర్పినేని," అంది. మరుక్షణం లైన్ తెగిపోయింది.

సరనిస్త్‌లో చావు సంగతి పోలీసు ఆఫీసుకి పొద్దున్నే తెలుసు. కొండమీద ఆఖరి ఊరు అది. మిహ్రాన్ జోహ్రబ్యాన్ తన సొంత నేలమాళిగలో, ద్రాక్ష పులిసే బానలో తల పెట్టి చచ్చిపోయి ఉన్నాడు. రసం పులిసేటప్పుడు లేచే వాయువు తగిలి పోయాడని ఇంటివాళ్ళు చెప్పారు. కెప్టెన్ గారెగిన్ వెళ్ళాడు, చూశాడు, ప్రమాదం అని ఫోన్లోనే తేల్చేశాడు. వయోత్స్ జోర్ కొండల్లో కోతల కాలంలో అలాంటి చావులు కొత్త కాదు. అందుకే ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

సిరానుష్ కోటు తగిలించుకుని కారెక్కింది.

ఆమె చేరేసరికి గారెగిన్ గేటు దగ్గర తన కారుకి ఆనుకుని, లవాష్ రొట్టెలో చుట్టిన జున్ను తింటున్నాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. ఖాళీ అయిన పెద్ద కుర్చీ మీద ఇద్దరికీ కన్నుంది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ పైకి అనుకోలేదు.

"సిరానుష్ జాన్! ఇంత చలిలో కొండెక్కి వచ్చావా? సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది, అదీ నేను పెట్టగలను."

"శవం ఎక్కడ?"

"ఇంట్లో. ఆడవాళ్ళు కడిగి పడుకోబెట్టారు."

"కడగనిచ్చావా?"

"చచ్చినవాణ్ణి కడక్కుండా వదిలేస్తారా? నువ్వు పుట్టింది ఈ గడ్డ మీద కాదా ఏంటి?"

"నేలమాళిగ చూపించు."

గారెగిన్ మిగిలిన రొట్టె నోట్లో కుక్కుకుని ముందు నడిచాడు. "పద. అక్కడ బానలున్నాయి, చీకటుంది, ద్రాక్ష ఉంది. చూసి తరించు."

నేలమాళిగలో మట్టిబానలు మెడ దాకా నేలలో పాతి ఉన్నాయి. మనిషి నిలబడితే మునిగిపోయేంత లోతు. మిహ్రాన్ తమ్ముడు సెద్రాక్ గోడవారగా తిరగేసిన బుట్ట మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఎద్దులాంటి భుజాలు. వాళ్ళని చూసి లేచాడు.

"ఏ బాన?" అంది సిరానుష్.

అన్నిటికంటే పెద్దదాన్ని చూపించాడు.

"ఎలా జరిగిందో నువ్వు చెప్పు. కెప్టెన్‌కి చెప్పిందే నాకూ చెప్పు."

"ఏముందమ్మా చెప్పడానికి. అన్నయ్య రాత్రి పైతోటలో ఉన్నాడు. మంచు కురుస్తుందని మంటలేసి కాపలా కాశారు. తెల్లారుతుండగా దిగొచ్చాడు. ఇల్లు కూడా చేరకుండా నేరుగా ఇక్కడికొచ్చాడు, పైకి లేచిన తొక్కల తెట్టుని కిందకి తొయ్యాలని. వంగాడు. గాలి కొట్టింది. నేనొచ్చేసరికి తల లోపల, కాళ్ళు బయట."

"తెట్టు ఎంత లేచింది?"

"ఇదిగో, బాన మెడ దాకా."

"పొంగుతోందా?"

"బుసబుసా పొంగుతోంది. చెవి పెడితే వినపడుతుంది."

సిరానుష్ బాన మీది రాతిమూత పక్కకి జరపమంది. సెద్రాక్ జరిపాడు. ఆమె గూట్లోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి, తీగకి కట్టి లోపలికి దించింది. గారెగిన్ నవ్వాడు.

"పొద్దుటి గాలి మధ్యాహ్నం దాకా నీకోసం కూర్చుని ఉంటుందా? తలుపులు తెరిచే ఉన్నాయి."

కొవ్వొత్తి రసం అంచు దాకా దిగినా కదలకుండా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగులో ద్రాక్ష తొక్కలు నిన్న తొక్కినవి తొక్కినట్టే రసంలో నానుతున్నాయి. ఒక్క బుడగ లేదు. సిరానుష్ గరిటె ముంచి తాగింది. పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంది. తేనెలా తియ్యగా ఉంది.

గరిటె నింపి గారెగిన్‌కి ఇచ్చింది. అతను వాసన చూసి, చప్పరించి, మొహం చిట్లించాడు.

"తియ్యగా ఉంది. అయితే ఏంటి?"

"పులిస్తే తీపి తగ్గాలి. నాలుక మీద చిరచిరలాడాలి. ఈ ద్రాక్ష మంచులో కోసింది. ఆ చలికి ఇంకా పులవడమే మొదలుకాలేదు. పులవని రసంలో వాయువు ఎక్కణ్ణించొస్తుంది గారెగిన్?"

"గుండె ఆగిందేమో."

"అయితే గుండె అని రాయాల్సింది. నువ్వు వాయువు అని రాశావు." మళ్ళీ గరిటె నింపి సెద్రాక్ ముందుకి చాపింది. "తాగు. బుసబుసా పొంగుతోందన్నావుగా."

సెద్రాక్ గరిటె అందుకున్నాడు. వాసన చూసి బాన అంచున పెట్టేశాడు. తాగలేదు.

"నాకు... అలా అనిపించింది. పొద్దున్న నా బుర్ర పనిచెయ్యలేదు."

"సరే," అంది సిరానుష్. "ఊళ్ళోంచి కదలకు."

మిహ్రాన్‌ని పెద్దగదిలో బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ నల్ల గుడ్డల్లో ఆడవాళ్ళు. తలవైపు అతని భార్య వర్సెనిక్ కూర్చుని ఉంది. మిగతావాళ్ళంతా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నారు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతుల్లో జేబురుమాలు మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది.

"పెద్దమ్మా, అందర్నీ కాసేపు బయటికి పంపించండి. నేనాయన్ని చూడాలి."

"ఇందాక ఆ అబ్బాయి చూశాడుగా."

"నేను చూడలేదు."

"కొత్త బట్టలేశాం. ఆయన్నింక కదపొద్దు."

"కదపక తప్పదు పెద్దమ్మా."

గదిలో గొణుగుళ్ళు లేచాయి. సిగ్గులేని మనిషి, పోలీసై పుట్టింది అని ఎవరో అన్నారు. సిరానుష్ వాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. వర్సెనిక్ మాత్రం లేవలేదు. గారెగిన్ చెంగు పట్టుకున్న పిల్లాడిలా గుమ్మంలోనే ఆగిపోయాడు. సిరానుష్ పిలిస్తే గానీ లోపలికి రాలేదు. ఇద్దరూ కలిసి మిహ్రాన్‌ని పక్కకి తిప్పి, చొక్కా పైకి లాగారు.

వీపంతా ఎర్రగా ఉంది. మామూలు శవాల మీద కనిపించే ఊదారంగు కాదు. దానిమ్మ గింజ రంగు. గోళ్ళ కింద కూడా అదే ఎరుపు.

సిరానుష్ చొక్కా సర్ది, మనిషిని మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టి, కాలరు సరిచేసింది.

"పెద్దమ్మా, రాత్రి ఈయన ఎక్కడున్నాడు?"

"పైతోటలో. అక్కడే ఉంటానని చెప్పి వెళ్ళాడు." వర్సెనిక్ గోడవైపు చూస్తూ చెప్పింది. "ఎప్పుడు దిగొచ్చాడో నాకు తెలీదు."

వసారాలోకి రాగానే గారెగిన్ గొంతు తగ్గించాడు. "ఆ రంగేంటి?"

"బానలోకి తల వేలాడేసి చచ్చినవాడికి నెత్తురు ఎటు దిగుతుంది?"

"మొహంలోకి. చేతుల్లోకి."

"ఈయనకి వీపులోకి దిగింది. వెల్లకిలా పడుకుని పోయాడు. పోయాక చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ తర్వాతే ఎవరో మోసుకెళ్ళి బానలో వంచారు. ఇక ఆ రంగంటావా, మూసిన గదిలో నిప్పులు పెట్టుకుని పడుకున్నవాళ్ళకి వస్తుంది. చలికాలంలో నువ్వూ చూసే ఉంటావు."

చూశాడు. కాదనలేకపోయాడు. సిగరెట్ తీసి వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు.

అర్పినే పెరట్లో ద్రాక్ష పెట్టెలు కడుగుతోంది. ముప్పై దాటని పిల్ల. జుట్టుకి, చేతులకి పొగవాసన. ఆమె మొగుడు, మిహ్రాన్ కొడుకు నారెక్, యుద్ధంలో పోయాడు. అప్పట్నుంచీ, రాజధానిలో చదివొచ్చిన వైన్ చదువుతో ఈ ఇంటి బానలన్నీ తనే చూసుకుంటోంది. మామగారే ఆమె చేతుల్లో పెట్టాడని ఊరంతా చెప్పుకుంటారు.

"చావింట్లో పెట్టెలు కడుగుతున్నావేంటమ్మా?" అంది సిరానుష్.

"కూర్చుంటే పిచ్చెక్కుతోందండీ. లోపల నా మొహం చూడ్డానికి ఎవరూ ఇష్టపడట్లేదు." నీళ్ళు ఆపింది. "ఈ కెప్టెన్‌గారికి కూడా చెప్పాను, రసం ఇంకా మేల్కోలేదని. ఏడుపులో ఏదో అంటున్నావు, వెళ్ళి పడుకో అన్నారు."

గారెగిన్ పెరటి గోడ అందం పరిశీలించసాగాడు.

"మీ మామగారు తెల్లారి దిగొచ్చాడట కదా?"

అర్పినే తల అడ్డంగా ఊపింది. "ఎవరన్నారు? రాత్రి పడుకునే వేళకే దిగొచ్చేశారు. నేనే పంపాను. అసలు ఆయన పైన ఉండాలి, నేను కిందకి రావాలి. సాయంత్రానికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి. నిలబడలేకపోతున్నారు. మామయ్యా, మీరు దిగండి, మంటలు నేను చూసుకుంటా అన్నాను. వినరే. ఆడపిల్లని కొండమీద వదిలి నేను వెచ్చగా పడుకోనా అంటారు. తిట్టి పంపాను." చేతిలో పెట్టె కింద పెట్టేసింది. "ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు, లేపొద్దు, నా పక్క తొనిర్ గదిలో వేసే ఉంది, అక్కడ పడుకోండి, మోకాళ్ళకి వెచ్చగా ఉంటుంది అన్నాను. నేనే చెప్పాను."

"నీ పక్క తొనిర్ గదిలో ఎందుకుంది?"

"కోతలయ్యేదాకా అక్కడే పడుకుంటాను. నేలమాళిగ పక్కనే. ఎప్పుడంటే అప్పుడు లేచి బానలు చూసుకోవచ్చు."

తొనిర్ గది రాళ్ళతో కట్టిన పొట్టి గది. మధ్యలో తొనిర్, నేలలోకి దిగిన రొట్టెల పొయ్యి. దాని మూత తీస్తే బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. కిటికీ లేదు. తలుపు దళసరిది, దాని అంచులకి చలిగాలి రాకుండా గుడ్డ కొట్టారు. పొగ పోవడానికి కప్పులో ఒకే ఒక గుండ్రటి కన్నం. పరుపు మడిచి మూలన పెట్టి ఉంది.

"ఆ కన్నం తెరిచే ఉంది," అన్నాడు గారెగిన్. "పొగ పోతుంది. నీ కథ ఇక్కడితో సరి."

"నిచ్చెన పట్టుకో."

"నేనా?"

"పడితే నీ మీదే పడతాను. గట్టిగా పట్టుకో."

సిరానుష్ కప్పు ఎక్కి, కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. లోపలి అంచు చుట్టూ ఏళ్ళనాటి మసి, వేలు పెడితే దిగబడేంత మందంగా ఉంది. కానీ కన్నం మొదట్లో జానెడు మేర మసి రాలిపోయి, రాయి బయటపడింది. అక్కడేదో గట్టిగా కుక్కి, మళ్ళీ లాగేశారు. పగిలిన రాతిలో తెల్లటి ఉన్ని పోగులు చిక్కుకుని ఉన్నాయి. కడిగి ఏకిన ఉన్ని, పరుపుల్లోకి వాడేది. ఒక పక్కన మసి అంటి, ఇంకో పక్కన కొత్త మంచులా తెల్లగా ఉంది.

ఆమె పోగుల్ని కాగితంలో చుట్టుకుని దిగింది.

"పై నుంచి ఉన్ని కుక్కారు. పొద్దున తీసేశారు. ఇది ప్రమాదం కాదు."

గారెగిన్ ఆ పోగుల్ని చాలాసేపు చూశాడు. ఈసారి వెటకారం లేదు. "సెద్రాక్‌ని పిలుస్తాను," అన్నాడు.

సెద్రాక్‌ని తొనిర్ గది గుమ్మం దాటించాల్సిన అవసరమే రాలేదు. మడిచిన పరుపు మీద అతని చూపు పడింది. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"అన్నయ్యని మోసింది నేనే," అన్నాడు. "చంపలేదు. నా బిడ్డల మీద ఒట్టు, చంపలేదు. నేను చూసేసరికే కొయ్యలా బిగుసుకుపోయి ఉన్నాడు."

"ఎందుకు మోశావు?"

"పొయ్యి రాజేసింది అర్పినే. నిప్పులు సరిగా కప్పకుండా తోటకి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలిస్తే దాన్ని జైల్లో వేస్తారు, తండ్రిలేని దాని కూతురికి తల్లి కూడా లేకుండా పోతుంది. బానలో పెడితే ఎవరూ అడగరు. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారుగా." భుజంతో మొహం తుడుచుకున్నాడు. "దాన్ని కాపాడదామనుకున్నాం, అంతే."

"అనుకున్నాం అంటే?"

సెద్రాక్ పెద్దగది వైపు చూసి, తల దించుకున్నాడు.

సిరానుష్ మళ్ళీ అడిగేలోపే గారెగిన్ పెరట్లోకి నడిచాడు. అర్పినే మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో బేడీలు తీశాడు.

"గారెగిన్!"

"ఏంటి, ఇంకా ఆలోచించాలా? పొయ్యి రాజేసింది ఈవిడ. ముసలాణ్ణి ఆ గదిలోకి పంపింది ఈవిడ. తన నోటితోనే చెప్పింది. పైతోట ఈవిడ పేర పెడతానని ముసలాడు ఊరందరి ముందూ అన్నాడు. కోతలయ్యాక కింది ఊరి బడిపంతుల్ని పెళ్ళి చేసుకుంటోంది, పొద్దున్నుంచి నలుగురు చెప్పారు. తోటా కావాలి, కొత్త మొగుడూ కావాలి. మధ్యలో ముసలాడెందుకు?"

"మరి ఫోన్ చేసి వైన్ చంపలేదని ఎందుకు చెప్పింది? నోరు మూసుకుంటే నువ్వు సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడివి."

"నాకు చెయ్యలేదు. నీకు చేసింది."

"నీకు ముందే చెప్పింది. నువ్వు వినలేదు."

గారెగిన్ మొహం కందిపోయింది. బేడీ ఒకటి అర్పినే చేతికి పడింది. ఆ చప్పుడుకి ఇంట్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళ వెనకే వర్సెనిక్. ఆమె చెయ్యి పట్టుకుని నాలుగేళ్ళ పిల్ల, అర్పినే కూతురు మారల్.

"మామయ్యని నేను చంపుతానా?" అర్పినే అరవలేదు, అడిగింది. "ఆయన నా పెళ్ళికి ఒప్పుకున్నారు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆయనే ఒప్పుకున్నారు. కూతురిలా పంపుతానన్నారు. అయినా నిన్న ఆ గదిలో పడుకోవాల్సింది నేను! మేం మార్చుకున్న సంగతి పైన ఉన్న మా ఇద్దరికే తెలుసు. ఆయన దిగకపోతే నేను దిగేదాన్ని. నేనూ పాపా రోజూ అక్కడే పడుకుంటాం."

"పాప కూడానా?" అన్నాడు గారెగిన్. "మరి నిన్న పాప ఏమైంది?"

"అత్తయ్య దగ్గర ఉంది. రోజూ అత్తయ్యే దాన్ని తొనిర్ గదిలో పడుకోబెట్టి, అది నిద్రపోయేదాకా పక్కన కూర్చుంటుంది. నిన్న ఒక్కరోజే, ఎవరూ అడక్కుండానే, తన మంచం మీద పడుకోబెట్టుకుంది. పొద్దున ఫోన్లో చెప్పింది, పాప నా దగ్గరే ఉంది, భయపడకు అని." అర్పినే కళ్ళు నిండిపోయాయి. "దేవుడే ఆవిడకి ఆ బుద్ధి పుట్టించాడు. లేకపోతే నా బిడ్డ కూడా మామయ్యతో పాటు..."

మాట పూర్తి కాలేదు. తను ఏమంటోందో తన చెవులకే వినపడినట్టు ఆగిపోయింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

సెద్రాక్ గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు.

"వదినా," అన్నాడు. "బానలో పెడదామని నువ్వే అన్నావు. కోడల్ని కాపాడదామని నా కాళ్ళు పట్టుకున్నావు."

సిరానుష్ వర్సెనిక్ ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పెద్దమ్మా, నిన్న ఒక్కరోజే పాపని ఎందుకు పిలిచారు?"

వర్సెనిక్ పిల్ల తల నిమిరింది. చెదిరిన పాపిడి వేలితో సరిచేసింది. ఏదో మామూలు సంగతి అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"చంటిది నా నారెక్ పోలిక."

ఎవరో ఆడమనిషి నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది.

"ఆ తోట నా కొడుకు నాటాడు. ఒక్కో మొక్కా మంచులో వంగి నాటాడు. ఇది వాడి పెళ్ళాం. ఇది వాడి పిల్ల. మూడింటినీ కట్టగట్టి ఇంకొకడి ఇంటికి పంపుతానన్నాడు మా ఆయన. నవ్వుతూ అన్నాడు. నా కొడుకు మట్టిలో ఉన్నాడని కూడా గుర్తులేనట్టు నవ్వాడు." ఆమె అర్పినే వైపు చూడలేదు. "గది కప్పు కన్నంలో దీపం వెలుగు కనపడింది, ఆరిపోయింది. ఇదే వచ్చి పడుకుందనుకున్నా. నిచ్చెనెక్కా. తెల్లారాక తలుపు తీస్తే, పొయ్యి పక్కన ఆయన బూట్లు ఉన్నాయి."

"అవి చూసి..." అంది సిరానుష్.

"మొహం చూళ్ళేదు చాలాసేపు. బూట్లే చూస్తూ కూర్చున్నా. ఒకదాని లేసు విప్పలేక తెంచేశాడు, మోకాళ్ళు వంగలేదేమో."

గారెగిన్ అర్పినే చేతికున్న బేడీ తీశాడు. తాళంచెవి రెండుసార్లు తప్పింది. ఆమె అతన్ని చూడనే లేదు. వెళ్ళి వర్సెనిక్ చేతిలోంచి కూతురి చేతిని విడిపించుకుంది. ముసలామె వేళ్ళు గట్టిగా పట్టుకుని ఉన్నాయి, ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

గారెగిన్ బేడీలు పట్టుకుని వర్సెనిక్ ముందు నిలబడ్డాడు. వెయ్యలేదు. సిరానుష్ వైపు చూశాడు, ఏం చెయ్యమంటావన్నట్టు.

పెద్దగదిలో మిగిలిన ముసలమ్మలకి బయట జరిగినదేమీ తెలీదు. వాళ్ళు మళ్ళీ శోకం ఎత్తుకున్నారు. మిహ్రాన్ పేరు పెట్టి పిలుస్తున్నారు.

వర్సెనిక్ తల తిప్పి ఆలకించింది. తలగుడ్డ ముడి గట్టిగా బిగించుకుంది.

"నేను లోపలికెళ్ళాలి," అంది. "ఇల్లాలు లేకుండా ఏడవకూడదు."

"ఎలా పంపిస్తాం?" అన్నాడు గారెగిన్ నెమ్మదిగా. "సిరానుష్, చెప్పు, ఎలా పంపిస్తాం?"

"నువ్వు తలుపు దగ్గర నిలబడు. నేను పక్కన కూర్చుంటాను," అంది సిరానుష్. "ఒక్కసారి ఏడవనివ్వు. ఆ తర్వాత తీసుకెళ్దాం."

ఆడవాళ్ళు దారిచ్చారు. వర్సెనిక్ ఎవరినీ ఆనుకోకుండా మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. సిరానుష్ వెంటే వెళ్ళి పక్కన కూర్చుంది. తర్వాత ఆమె గొంతు లేచింది. పొద్దుటినుంచీ రాని ఏడుపు అది, మనిషిదిలా లేదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. మధ్యలో కొడుకు పేరు కూడా.

పెరట్లో అర్పినే కూతుర్ని ఎత్తుకుని, దాని చెవులు రెండూ తన అరచేతులతో మూసింది.